నేల మీద పెట్టిన మామిడి ముక్క

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. మోకాళ్లు అరిగి ఇంటిపట్టున ఉన్నదాన్ని, నాకు తొందరేం లేదు. మీకుంటే కాసేపు ఆపుకోండి. చెప్పబోయేది నా గొప్ప కాదు. నేను చేసిన ఒక తెలివితక్కువ పని, దానివల్ల మళ్లీ రోడ్డున పడబోయిన ఆరు కుటుంబాల సంగతి.

నేను చదివింది మూడో తరగతి. పలక మీద రాసిందంతా ఎప్పుడో చెరిగిపోయింది గానీ, తోటలో చూసింది ఒక్కటీ చెరగలేదు. నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే దారిలో ఉన్న మామిడి తోటల్లో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను. మొదట ఆకులు ఊడ్చాను. తర్వాత గడ్డి మీద కూర్చుని కాయలు ఏరాను. చివరి పన్నెండేళ్లూ ఒక షావుకారు గారి సొంత తోటలో మేస్త్రిగా ఉన్నాను. ఆడమనిషి మేస్త్రీ ఏంటని మొదట్లో నవ్వినవాళ్లే, తర్వాత నేను గేటు దాటి లోపలికి వస్తుంటే బీడీలు ఆర్పేసేవాళ్లు.

మేస్త్రి పనిలో పెద్ద శాస్త్రం ఏమీ లేదు. చెట్టు ఎవరెక్కాలి, కాయ పడే వల చిక్కం కట్టిన గెడ ఎవరు పట్టాలి, నీడలో కూర్చుని కాయలు ఎవరు ఏరాలి అని చూసుకోవడమే. ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు. కాయకి అంగుళం తొడిమ ఉంచి కోయించాలి. తొడిమ ఊడితే సొన కారుతుంది. సొన కారిన చోట తొక్క మాడుతుంది. మాడిన కాయ లారీ ఎక్కదు. కాయ ముఖం చూసి లోపల ఏముందో చెప్పేదాన్ని నేను. మనుషుల ముఖం చూసి మాత్రం ఆ ఒక్క రోజూ చెప్పలేకపోయాను.

మరీ పాత ముచ్చటేం కాదు. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చేసిన రోజులే. ఆ ఏడు కోతకి మనుషులు దొరకలేదు. మన కుర్రాళ్లు చెట్లెక్కడం మానేసి హైదరాబాదులో లిఫ్టులు ఎక్కుతున్నారు. చింతలపూడి వైపు నుంచి ముఠాలు తెచ్చే ఒకాయన, మాఘమాసం వెళ్లాక ఆరు కుటుంబాల్ని ట్రాక్టరులో తెచ్చి మా తోటలో దింపాడు. కోయవాళ్లు. వాళ్ల ఊరు రాష్ట్రం అవతల, అడవిలో ఎక్కడో లోపల. అటొక తుపాకీ, ఇటొక తుపాకీ, మధ్యలో వీళ్లు. ఒకరోజు ఊరు తగలబడితే పిల్లల్ని చంకనేసుకుని నడిచి వచ్చేశారు. ఇవతలి అడవిలో గుడిసెలు వేసుకుంటే ఇక్కడ ఉండకూడదని పీకేశారు. ఇంకోచోట వేసుకుంటే అక్కడా పీకేశారు. మిరపకోతకి ఒక ఊరు, పత్తి తీతకి ఒక ఊరు. అలా నాలుగేళ్లు.

"ఏ ఊరయ్యా మీది?" అని మా కాపలా బాబాయ్ అడిగితే, వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పుట్టిన ఊరు మిగల్లేదు. తిరిగిన ఊళ్లు వాళ్లవి కావు. ఏం చెబుతారు?

వాళ్లలో పెద్దదిక్కు ఒక ముసలాయన, ఆయన భార్య. వాళ్ల కోడలు ఒక చిన్న వయసు పిల్ల, ఆమెకి ఐదేళ్ల కూతురు. మిగతావాళ్లకి పనికి కావలసిన తెలుగు వచ్చు. రా, పో, ఎత్తు, దింపు. మనసులో మాట చెప్పేంత తెలుగు మాత్రం ఆ కోడలికే వచ్చు. మిరపచేలల్లో నేర్చుకుందట.

షావుకారు గారు మొదటి రోజే వచ్చి చూసి, ఆ కోడలితో చెప్పారు. "ఈ సీజను కోత సరిగ్గా చేస్తే ఏడాది పొడుగునా తోట పని మీదే. వెనక గడ్డి షెడ్డులో ఉండొచ్చు. పిల్లల్ని ఊళ్లో బడికి పంపుకోండి." ఆ పిల్ల ఆ మాటలు తమ భాషలో చెబుతుంటే, ముసలమ్మ షెడ్డు గుంజని చేత్తో తడిమి చూసింది. గట్టిగా ఉందా లేదా అని చూస్తోందేమో అనుకున్నాను అప్పుడు.

కోతకి ముందు ఆ రెండు నెలలూ వాళ్లు చేసినంత పని నేను ఎక్కడా చూడలేదు. కలుపు తీశారు, ఎండు పుల్లలు విరిచారు, కాపు బరువుకి వాలిన కొమ్మలకి కర్రలతో పోట్లు పెట్టారు. ఒక్కరూ ఇంత వంక పెట్టలేదు. అయినా మావాళ్ల నోళ్లు ఊరుకుంటాయా? కాయలు ఏరే వాళ్లలో నాకు వరసకి మరదలయ్యే ఆమె ఉంది, నోరు కాస్త పదును. "వదినా, వాళ్లకి వేరే బిందె పెట్టించు. ఆ అడవి మనుషులు ముంచిన నీళ్లు నేను తాగను" అంది. నేను పెట్టించాను. మీకు అబద్ధం చెప్పను. చిన్నప్పుడు పెద్దవాళ్ల వాకిట్లో దోసిలి పట్టి, పైనుంచి పోస్తే నీళ్లు తాగినదాన్ని నేను. ఆ నేనే పెట్టించాను.

ముసలమ్మ దగ్గర ఒక సొరకాయ బుర్ర ఉండేది. ఎండబెట్టి, మూతికి గుడ్డ కట్టిన బుర్ర. పనిలో ఉన్నా కళ్ల ముందే పెట్టుకునేది. అందులో ఇప్పసారా ఉందని కాపలా బాబాయ్‌కి గట్టి నమ్మకం. ఒకరోజు ఆమె చెరువుకి వెళ్లినప్పుడు గుడ్డ విప్పి చూసి, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏం బాబాయ్, దొరికిందా?"

"మట్టే తల్లీ! ఎర్రమట్టి. ఇంత మట్టి మొయ్యడానికి బుర్ర ఎందుకే, మన తోటలో మట్టికి కరువా?"

అందరం పడీ పడీ నవ్వాం.

ఇక కోత మొదలుపెట్టే రోజు వచ్చింది. మర్నాడు సాయంత్రానికి బంగినపల్లి కాయల లారీ కదలాలి. మా తోటలో ఒక అలవాటు ఉంది. మొదటి చెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, మొదటి కాయ కోసి ముక్కలు చేసి, ఉప్పూ కారం అద్ది, మేస్త్రి తన చేత్తో అందరికీ పంచుతుంది. అది నోట్లో వేసుకున్నాకే గెడ ముట్టుకోవాలి. మావాళ్లందరికీ ఇచ్చి, ప్రత్యేకంగా పెద్ద ముక్క ఏరి ముసలమ్మ చేతిలో పెట్టాను. వేరే బిందె పెట్టించిన తప్పు ఆ ముక్కతో దిద్దుకుందామని లోపల ఎక్కడో ఉందేమో, నాకే తెలీదు.

ఆమె ముక్కని రెండు చేతులతో తీసుకుంది. తర్వాత వంగి, నేల మీద ఒక ఆకు వేసి, దాని మీద పెట్టేసింది.

ఆమెను చూసి మిగతావాళ్లూ అంతే. తినబోయిన పిల్లల చేతుల్లోంచి ముక్కలు లాగి నేల మీద పెట్టారు. ఐదేళ్ల మనవరాలు వేలికంటిన కారం నాకబోతే, ముసలమ్మ ఆ వేలు గబుక్కున తన కొంగుతో తుడిచేసింది.

నా మరదలు వెనకనుంచి అందుకుంది. "చూశావా వదినా! నీ చేతి ముక్క నేలపాలు. నువ్వు వాళ్లకి బిందె వేరు చేశావు, వాళ్లు నీకు చెయ్యే వేరు చేశారు."

ఆ మాట సూటిగా దిగింది. ముసలాయన్ని పిలిచి, "ఎక్కండి చెట్టు" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. గెడ అందిస్తే వెనక్కి జరిగాడు. "వద్దు" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, మాటలు దొరక్క చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతులు నాకు కనపడలేదు. వద్దన్న మాటే వినపడింది. ఆ ఒక్క రోజే కోడలు తోటలో లేదు. కూతురికి వారం రోజులుగా దగ్గు తగ్గకపోతే, మందు తేవడానికి పొద్దున్నే ముసునూరు ఆసుపత్రికి వెళ్లింది.

వెంటనే షావుకారు గారికి ఫోన్ చేశాను. "వీళ్లు పనికిరారండీ. పొగరు. చెట్టు ముట్టుకోం అంటున్నారు" అన్నాను. ఆయన రెండో మాట అడగలేదు. అన్నేళ్లలో నా మాట తప్పిందెప్పుడని అడుగుతారు? "సరే, రేపు పొద్దున్నే ట్రాక్టరు పంపించి తీసుకుపొమ్మంటా. వేరే ముఠాని చూస్తా" అన్నారు. నేను వేలితో షెడ్డు వైపు చూపించి, "సర్దుకోండి" అన్నాను. ఆ మాట వాళ్లకి ఏ భాషలో చెప్పినా తెలుస్తుంది. నాలుగేళ్లుగా వింటున్న మాటే కదా.

వాళ్లు అరవలేదు, ఏడవలేదు. మూటలు కట్టుకోవడం మొదలుపెట్టారు. అలవాటైన చేతులు పిల్లలూ, ఏ గిన్నెలో ఏ గిన్నె పడుతుందో వెతుక్కోనక్కర్లేని చేతులు. అది చూస్తే నా కోపం తగ్గాలి. తగ్గలేదు.

మధ్యాహ్నం మూడింటప్పుడు మొదటి చెట్టు దగ్గర పడి ఉన్న నా కత్తి తెచ్చుకుందామని వెళ్లాను. అక్కడ ఒక గంప బోర్లించి ఉంది. ఏంటా అని ఎత్తి చూశాను. పొద్దున నేను పంచిన ముక్కలన్నీ మోదుగాకుల మీద వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్క చీమ లేదు. చుట్టూ పొయ్యి బూడిదతో గుండ్రంగా గీత గీసి ఉంది, చీమలు రాకుండా.

విసిరేసిన ముక్కకి ఎవరైనా కాపలా పెడతారా?

నాలుగు దాటాక కోడలు మందుసీసా పట్టుకుని వచ్చి, ఎదురు పరిగెత్తిన కూతుర్ని చంకనెత్తుకుంది. మూటలు చూసి అక్కడే ఆగిపోయింది. నేను ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గరికి తీసుకెళ్లాను.

"ఇదేంటి చెప్పు తల్లీ. తినకపోతే పోయింది. ఎందుకు దాచారు?"

ఆ పిల్ల గంప కిందికి చూసి కళ్లు తుడుచుకుంది. "అక్కా, మాకు మామిడి పండగ అవ్వలేదు. పోయిన మా పెద్దోళ్లకి పెట్టకుండా మేం కొత్త కాయ తినం. కొయ్యం. కోస్తే ఆ పోయినోళ్లు ఆకలితో తిరుగుతారు. నువ్వు ఇచ్చింది పారెయ్యకూడదు, తినకూడదు. అందుకే దాచింది అత్త."

"అయితే పండగ చేసుకోండి! ఎవరొద్దన్నారు?"

"మా నేల మీద చెయ్యాలక్కా. మాకు నేల ఏది? ఆగిన చోట చేద్దాం, ఆగిన చోట చేద్దాం అంటాడు మామ. ఎక్కడా ఆగనివ్వలేదు. నాలుగేళ్లు అయింది మామిడికాయ తిని. దీనికి" అని చంకలో పిల్లని చూపించింది, "దీనికి ఆ రుచే తెల్వదు."

నేను పిల్లల్ని ఎంతమందిని చూశాను! చెట్టు కింద పుట్టి, పళ్లు రాకముందే టెంక చప్పరించే పిల్లల్ని. నోరు పుల్లబడి, మూతి సొనతో పుళ్లుపడి తిరిగే పిల్లల్ని. చుట్టూ కనుచూపు మేర మామిడి కాయ వేలాడుతుంటే, రెండు నెలలు ఆ చెట్ల కిందే ఆడుకుని, ఒక్క పిందె నోట పెట్టని పిల్లని అదే మొదటిసారి చూడటం. ఆకలి లేక కాదు. ఎక్కడో ఒకచోట మమ్మల్ని ఉండనిస్తారు, అప్పుడే తిందాం అని వాళ్ల పెద్దలు చెప్పిన ఆశ కోసం. నేను వాళ్లకి పొగరన్నాను.

"ఇక్కడే చేద్దాం అనుకున్నారక్కా. షావుకారు ఉండమన్నాడు కదా అని. కాకపోతే ఈ మట్టి మనిషి ఎవరో ఒకరు, మా పెద్దోళ్ల ముందు కాయ ఇచ్చి, ఉండమని చెప్పాలి. అడుగుదామంటే సిగ్గుపడ్డారు. ఈలోగా..."

"షావుకారు గారిని నేను తీసుకొస్తా" అన్నాను.

అప్పటిదాకా చూస్తూ నిలబడ్డ ముసలమ్మ తల ఊపి, నా దగ్గరికి వచ్చి, వంగి నా పాదం మీద వేలు పెట్టింది. నా మడమలు చూశారుగా, బీటలు. ఆ బీటల్లో మట్టి ఎన్ని నీళ్లు పోసినా పోదు. ఆమె ఏదో అంది. కోడలు చెప్పింది, "మట్టి నీ కాళ్లకి ఉందంట. నువ్వే చెప్పాలంట."

సెంటు భూమి లేనిదాన్ని నేను. ఆ మట్టి నాదని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అన్నవాళ్లు ఎవరంటే, పొద్దున నేను గెంటేసిన మనుషులు.

ఆటో ఎక్కి నూజివీడులో షావుకారు గారి కొట్టుకి వెళ్లాను. ఆయన లారీ డ్రైవరుతో ఫోనులో ఉన్నారు. పెట్టేదాకా నిలబడ్డాను.

"తప్పు నాదండీ. వాళ్లని పంపకండి" అన్నాను.

"పొద్దున పొగరన్నావ్, సాయంత్రం తప్పంటావ్. ఏంటమ్మా మేస్త్రీ, ఎండదెబ్బ తగిలిందా?"

అంతా చెప్పాను. బిందె సంగతి కూడా చెప్పాను, అడక్కపోయినా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"రేపు పొద్దున పూజంటున్నావ్. లారీ సాయంత్రానికి కదలాలి. కొత్త చేతులు. అయ్యే పనేనా?"

"అవుతుందండీ."

"ఎలా చెబుతున్నావ్?"

"నాలుగేళ్లు నోరు కట్టుకున్న మనుషులండీ. ఒక్క రోజు కోత కొయ్యలేరా?"

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. తర్వాత ట్రాక్టరాయనకి ఫోన్ చేసి, ఒక్క రోజు ఆగమన్నారు. నా వైపు తిరిగి, "ఆగమన్నానంతే, వద్దనలేదు. లారీ కదలకపోతే ఆ ట్రాక్టరులో వాళ్లతోపాటు నువ్వూ ఎక్కు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆయన వట్టిగా అనే మనిషి కాదు.

మర్నాడు పొద్దు పొడవకముందే మొదటి చెట్టు కింద అలికి ఉంచారు. ముసలాయన గుప్పెడు ఇప్పపువ్వు, బియ్యం, పసుపు పెట్టాడు. ముసలమ్మ సొరకాయ బుర్ర గుడ్డ విప్పింది. మా కాపలా బాబాయ్ మెడ సాచి చూశాడు. ఆమె బుర్ర వంచి, ఆ ఎర్రమట్టి చెట్టు మొదట్లో పోసి, మా మట్టిలో కలిపింది. తగలబడ్డ ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆ ఇంట్లోంచి ఆమె తెచ్చింది అదొక్కటేనట. ముసలాయన పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పోయినవాళ్ల పేర్లు. అవి అలా వస్తూనే ఉన్నాయి. కొన్ని పేర్ల దగ్గర వాళ్ల ఆడవాళ్ల గొంతులూ కలిశాయి.

తర్వాత అందరూ నా వైపు చూశారు. నేను కాయ కోసి, ముక్క ఆకు మీద పెట్టాను. ఒక్క మాట అనాలి, అంతే. ముప్ఫైమంది మీద కేకలేసిన గొంతు నాది. అయినా మెల్లిగా "ఉండండి" అన్నాను. వినపడలేదేమోనని మళ్లీ గట్టిగా అన్నాను. "ఇక్కడే ఉండండి."

ముసలమ్మ మొదటి ముక్క మనవరాలి నోట్లో పెట్టింది. ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది, భుజాలు చెవులదాకా లేపింది, ఒళ్లంతా జలదరించింది. అందరం ఆ పిల్లనే చూస్తున్నాం. కళ్లు తెరిచి, రెండో చెయ్యి చాపింది. ఆ నవ్వులకి చెట్ల మీద పిట్టలు లేచిపోయాయి.

తర్వాత ఎక్కారు చూడండి చెట్లు! చిటారుకొమ్మ అనేది వాళ్లకి లేదు. మొదటి రెండు గంపలు మాత్రం పాడయ్యాయి. తొడిమ ఉంచాలని చెప్పాల్సిన మేస్త్రి చెట్టు కింద కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది మరి. "వదినా, నీ ఏడుపు ఆపి ఇటు చూడు, అన్నీ సొన కారుతున్నాయ్!" అని నా మరదలు అరిస్తే గానీ నేను మనిషిని కాలేదు. చూపిస్తే ఒక్కసారికే పట్టేశారు. మిట్టమధ్యాహ్నం మా బిందె ఖాళీ అయింది, తెచ్చేవాళ్లు లేరు. నా మరదలు అటూ ఇటూ చూసి, వాళ్ల బిందె దగ్గరికెళ్లి రెండు చెంబులు గటగటా తాగింది. నేను చూస్తున్నానని గమనించి, "ఏంటలా చూస్తావ్? నీళ్లు చల్లగా ఉన్నాయి" అంది. ఆ మర్నాటి నుంచి తోటలో ఒకటే బిందె. ఎవరు తీసేశారో నేను అడగలేదు.

పొద్దుగూకకముందే లారీ కదిలింది. షావుకారు గారు వచ్చి నాలుగు ట్రేలు దింపించి, కాయలు తిప్పి తిప్పి చూశారు. ఎవరినీ మెచ్చుకునే అలవాటు ఆయనకి లేదు. వెళుతూ వెళుతూ షెడ్డు వైపు చూసి, "వానాకాలం వచ్చేలోపు ఆ గడ్డి తీసేసి రేకులు వేయించాలి. పిల్లలు తడుస్తారు" అన్నారు. కోడలు ఆ మాట తమవాళ్లకి చెబుతుంటే, ముసలమ్మ మళ్లీ షెడ్డు గుంజ తడిమింది. ఈసారి నాకు అర్థమైంది. గట్టిదనం చూడటం కాదు అది, ఇక కదలక్కర్లేని ఇల్లు దొరికిందా అని తడిమి చూసుకోవడం.

అంతా తీరిపోయిందని చెప్పను. రెండు కుటుంబాలు బంధువుల దగ్గరికని వెళ్లిపోయాయి. ఆధారు, రేషను కార్డుల కోసం ఆ కోడలు ఆఫీసుల చుట్టూ తిరగని వారం లేదు. ఇద్దరికి ఇంకా రాలేదు. వచ్చేదాకా తిరుగుతానంటుంది. తన కూతుర్ని బడిలో వేసేటప్పుడు సొంత ఊరు ఏదని టీచరమ్మ అడిగితే, మా ఊరి పేరు చెప్పి నా వైపు చూసింది. నేను తలూపాను. ఇప్పుడా పిల్ల ఆరో తరగతి, నాకు మందుల చీటీలు చదివిపెడుతుంది. ముసలాయన పోయిన ఏడు కాలం చేశాడు. తోట చివర ఆయన పేరున రాయి నిలబెట్టారు. ఇప్పుడు వాళ్లు పిలిచే పెద్దల్లో ఒకరు ఈ మట్టిలోనే ఉన్నారు.

ఏటా కోతకి ముందు నాకోసం ఆటో పంపిస్తారు. నేను వెళ్లి ముక్క పెట్టి, ఆ ఒక్క మాట అనాలి. ఆ కబురు వచ్చేదాకా నేను కూడా కొత్త మామిడికాయ ముట్టను. ఉగాది పచ్చడికి మాత్రం ముసలమ్మ నాకు సెలవిచ్చింది. పప్పులో వేద్దామంటే ఒప్పుకోనని మా ఇంట్లో నా కోడలు సణుగుతుంది. సణగనీయండి. నోరు కట్టుకుని తిన్న ముక్కకి ఎంత రుచి ఉంటుందో ఈ వయసులో తెలిసింది నాకు.

సరే, లేవండి ఇక. మీ ఇళ్లు చల్లగా ఉండాలి. మీ చెట్టు కాయాలి, కాసింది నిలవాలి, నిలిచింది నలుగురూ తినాలి. మీ గుమ్మంలో ఎవరైనా మూటతో నిలబడిన రోజున, ఉండండి అనే మాట మీ ఇంట్లో ఎవరో ఒకరి నోట, నాలాగా ఒక రోజు ఆలస్యం కాకుండా రావాలి.